టానిక్ సంగతి తర్వాత, ముందు రాత్రి భోజనం వేళ మార్చండి

ప్రశ్న: మాది ఏలూరు. మా వారికి కిరాణా షాపు ఉంది. పొద్దున ఎనిమిదింటికి తీసి రాత్రి తొమ్మిదిన్నరకు కట్టేస్తారు. బాబుకు పన్నెండేళ్లు, ఏడో తరగతి. పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. స్కూలు బస్సు 7:40కి వస్తుంది. సెలవులంతా మా అమ్మవాళ్ల ఊళ్లో గడిపారు. జూన్ 12న బడి తెరిచిన దగ్గర్నుంచీ పొద్దున్నే ఏడుపులు, అరుపులు. ఇద్దరూ లేవరు. పాప పాలు తాగుతుంది కానీ టిఫిన్ ముట్టుకోదు. లంచ్ బాక్సు సగం పైగా తిరిగొస్తుంది. బస్సు వచ్చే టైముకి కడుపునొప్పి అంటుంది. మా వారు నాటకం అంటారు, అత్తయ్యగారు దిష్టి అంటారు. బాబు రాత్రిళ్లు ఫోన్ వదలడు. క్లాసులో నిద్రపోతున్నాడని టీచరు డైరీలో రాసి పంపారు. మా వారు వచ్చాక అందరం కలిసి పదింటికి తింటాం, పడుకునేసరికి పదకొండు. పొద్దున వీళ్లని పంపి, వంట ముగించి నేను టిఫిన్ తినేసరికి కూడా పదకొండే. పిల్లలకు ఆకలి పుట్టడానికి, బలం రావడానికి మంచి టానిక్ గానీ హెల్త్ డ్రింక్ గానీ చెప్పగలరా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు:

అమ్మా,

టానిక్ అడిగారు కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. మీ పిల్లలకు ఇప్పుడు టానిక్ అక్కర్లేదు. ఆకలి పుట్టించే సిరప్ అసలే వద్దు. మందుల షాపులో అడిగితే ఇచ్చే ఆకలి సిరప్‌లలో చాలావాటిలో ఉండేది సైప్రోహెప్టడిన్. అది అలర్జీకి వాడే మందు. దాంతో నిద్రమత్తు వస్తుంది, మలబద్ధకం కూడా రావచ్చు. ఇప్పటికే క్లాసులో తూగుతున్న పిల్లాడికి, పొద్దున్నే కడుపునొప్పి అంటున్న పిల్లకు డాక్టరు చూడకుండా ఇవ్వాల్సిన మందు కాదది.

అసలు కారణం మీ ఉత్తరం చివర్లో మీరే రాసేశారు. "మా వారు వచ్చాక అందరం కలిసి పదింటికి తింటాం." మీ ఇంట్లో పొద్దుటి గొడవలు చాలావరకు ఆ పదింటి భోజనం దగ్గరే మొదలవుతున్నాయని నాకు అనిపిస్తోంది. అందరూ కలిసి తినాలన్న మీ కోరిక మంచిదే, దాన్ని వదులుకోమని చెప్పను. కలిసి తినే పూటను రాత్రి నుంచి పొద్దుటికి మార్చుకోమంటాను. ఈ ఉత్తరంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి చేయండి.

పదింటికి తిన్న పాప పదకొండుకు పడుకుంటుంది. బస్సు అందాలంటే ఆరుంబావుకైనా లేపాలి. అంటే ఏడు గంటల పైచిలుకు నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో తేల్చి చెప్పింది. మీ పిల్లలిద్దరికీ రోజూ సుమారు రెండు గంటలు తగ్గుతోంది. నిద్ర చాలకపోతే పెద్దవాళ్లు ఆవలిస్తారు. పిల్లల్లో చాలామంది ఆవలించరు, పేచీ పెడతారు. సాక్సు కుట్టు గుచ్చుకుంటోందని, జడ బిగుతుగా ఉందని ఏడుస్తారు. మీరు దాన్ని మొండితనం అనుకుంటున్నారేమో, అది చాలని నిద్ర.

రాత్రి పొద్దుపోయి తిని, నిద్ర సరిపోకుండా లేచిన పిల్లకు ఆరున్నరకు ఆకలి వేయదు. ఖాళీ కడుపుతో పంపడం ఇష్టంలేక మీరు పాలు ఇస్తున్నారు. పెద్ద గ్లాసు పాలు తాగాక ఉన్న కాస్త ఆకలీ పోతుంది. టిఫిన్ తినకపోతే ఇంట్లో మోషన్ రాదు. ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ పాప కడుపునొప్పి అర్థం కావాలంటే ఇదే ముఖ్యం.

పొట్టలో ఏదైనా పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. ఈ కదలిక పొద్దున తిన్నాక బాగా ఉంటుంది. తిన్న పావుగంట, అరగంటలో మోషన్ రావాలనిపిస్తుంది. ఆ సమయానికి పిల్ల ఇంట్లో తీరిగ్గా ఉండాలి. మీ పాపకు ఆ సమయానికి బస్సు హారన్ వినిపిస్తోంది. బస్సులోనో, మొదటి పీరియడ్‌లోనో మోషన్ వచ్చినట్టు అనిపించినా స్కూల్లో వెళ్లదు. రెండో తరగతి పిల్లలు ఎందుకు వెళ్లరో అడిగి చూడండి, ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. గడియ పడదు. మగ్గు అందదు. నీళ్లు రావు. యూనిఫాం బెల్టు తీసుకోవడం రాదు. షూస్ తడుస్తాయి. టీచర్‌ని అడగాలంటే భయం. ఇంటర్వెల్‌లో పెద్ద క్లాసుల అక్కలు తోస్తారు. అందుకని బిగబట్టుకుంటుంది. బిగబట్టే కొద్దీ మలం గట్టిపడుతుంది, మర్నాడు వెళ్తే నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టిందని ఇంకా బిగబడుతుంది. కొన్నాళ్లకు పేగు సాగిపోయి, వస్తోందన్న కబురు కూడా సరిగా తెలియదు. అక్కడితో ఆగదు. నిండిన పేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. దాంతో నిక్కరు తడవడం, ఆడపిల్లలకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం చూస్తుంటాం. టాయిలెట్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లూ తాగరు. పాప వాటర్ బాటిల్ నిండుగానే తిరిగొస్తోందా? సాయంత్రం ఒకసారి ఎత్తి చూడండి.

కాబట్టి పాప నొప్పి నాటకం కాదమ్మా. ఆ మాట మీ వారికి నా తరఫున చెప్పండి. బడి అంటే ఉన్న బెంగ కూడా కొంత కలిసి ఉండొచ్చు. బెంగతో వచ్చే కడుపునొప్పి కూడా నిజమైన నొప్పే. అత్తయ్యగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దానివల్ల నష్టమేమీ లేదు. మనవరాలి మీద ఆవిడకున్న ప్రేమ మనకు రేపు పనికొస్తుంది, ఎలాగో కింద చెబుతాను.

ఇక చేయాల్సింది. రాత్రి భోజనం ఏడున్నరకు పెట్టండి. పాప ఎనిమిదిన్నరకు, బాబు తొమ్మిదికి పక్క ఎక్కాలి. ఒక్కరోజులో ఇది జరగదు. ఇన్నాళ్లూ పదకొండుకు పడుకున్న పిల్లలను ఎనిమిదిన్నరకు పడుకోబెడితే కళ్లు తెరుచుకుని దొర్లుతారు, మీకు కోపం వస్తుంది, రెండోరోజే మానేస్తారు. అందుకని లేచే వేళతో మొదలుపెట్టండి. ఆదివారంతో సహా రోజూ ఆరింటికి లేపండి. లేవగానే వాకిట్లోకో డాబా మీదకో పంపండి. కళ్లకు పగటి వెలుగు తగిలితే ఒంట్లోని గడియారం ముందుకు జరుగుతుంది. రాత్రి పడుకునే వేళను రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు తీసుకురండి. ఈ లెక్కన పదకొండు నుంచి ఎనిమిదిన్నరకు రావడానికి నెల పడుతుంది. ఆ నెలరోజులు మధ్యాహ్నం నిద్ర వద్దు. ఆదివారం మరీ అలసిపోయి ఉంటే గంట ఆలస్యంగా లేపినా పర్వాలేదు, ఎనిమిదిన్నర దాకా పడుకోనిస్తే మాత్రం సోమవారం మళ్లీ మొదటికొస్తుంది.

ఏడున్నరకు పిల్లలతో పాటు ఎవరు తింటారు? మీరు తినండి, అత్తయ్యగారు తింటారు. మీ వారు వచ్చాక ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి, రెండోసారి తినక్కర్లేదు. ఆయనకు పిల్లలతో కలిసి తినే పూట పొద్దున్న. షాపు ఎనిమిదింటికి అన్నారు కదా. ఆరుంబావుకు ఆయన లేస్తే ఆరూముప్పావుకు నలుగురూ, అత్తయ్యగారితో ఐదుగురూ కలిసి టిఫిన్ తినొచ్చు. రాత్రి పదింటికి నిద్రమొహాలతో ఉన్న పిల్లలు నాన్నతో ఏం మాట్లాడగలరు? పొద్దున ఇరవై నిమిషాల్లో ఎక్కువ మాట్లాడతారు. "నాన్న తింటున్నాడు, రా" అంటే పాప పీట దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. పిల్లలకు తినమని చెప్పడం కంటే వాళ్ల ఎదురుగా మనం తినడం బాగా పనిచేస్తుంది. మీ వారు దీనికి ఒప్పుకోకపోతే బలవంతపెట్టకండి, వారం రోజులు చేసి చూద్దామనండి.

ఏడున్నర నుంచి టీవీలో అత్తయ్యగారి సీరియల్స్ ఉంటాయేమో. ఆవిడను సీరియల్ మానమనడం భావ్యం కాదు. ఎనిమిదిన్నరకు టీవీ ఆపి, పాపను పక్కలో వేసుకుని ఒక కథ చెప్పమని అడగండి. నానమ్మ పక్కలో కథ వింటూ పడుకునే పిల్లకు ఏ టానిక్కూ సాటిరాదు. మిగిలిన ఎపిసోడ్ మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేసినప్పుడు చూసుకోవచ్చు.

టిఫిన్ ఏం పెట్టాలన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. ఇడ్లీ, పెసరట్టు, కూరగాయలు వేసిన ఉప్మా, ఏదైనా మంచిదే. గుడ్డు తింటారంటే ఒకటి ఉడకబెట్టండి. పల్లీ చట్నీ ధారాళంగా వేయండి, అందులో మాంసకృత్తులు ఉంటాయి. రాగిజావ కాచి మజ్జిగ కలిపి ఇచ్చినా సరే. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, ఉల్లిపాయ నంజుకుంటే దానికీ నాకు అభ్యంతరం లేదు, అన్నాన్ని వేడి చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే చాలు. మొదటి వారం పాప ఒక్క ఇడ్లీ తిన్నా మెచ్చుకోండి. పొద్దుటి పాలు ఆపేసి సాయంత్రానికి మార్చండి. రోజుకు అర లీటరు మించితే పాలే మిగతా తిండికి అడ్డం పడతాయి. ఐరన్ తగ్గుతుంది, మలబద్ధకం పెరుగుతుంది.

హెల్త్ డ్రింక్ పొడులను ఆ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మొద్దని కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్‌లో ఈ-కామర్స్ కంపెనీలకు చెప్పింది. ఆహార భద్రత చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే మాటకు నిర్వచనమే లేదు. మీ షాపులో ఉన్న డబ్బా తిప్పి, కలిపిన చక్కెర ఎంతో చదవండి. నాలుగు గ్రాములు ఒక టీస్పూన్ అని లెక్కేసుకోండి. రోజుమొత్తంలో బయటి నుంచి కలిపే చక్కెర పిల్లలకు 25 గ్రాములు దాటకూడదంటారు. పాలల్లో పొడి లేకపోతే తాగనని పేచీ పెడితే, వారానికి కాస్త చొప్పున పొడి తగ్గిస్తూ రండి.

టిఫిన్ అయిన పదిహేను నిమిషాలకు, అంటే ఏడు ఇరవై ప్రాంతంలో, పాపను టాయిలెట్‌లో కూర్చోబెట్టండి. వచ్చినా రాకపోయినా ఐదు నుంచి పది నిమిషాలు. నేలబారు టాయిలెట్ అయితే అదే మంచిది. వెస్ట్రన్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయండి, కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కడానికి పట్టు దొరకదు. "అయిందా, అయిందా" అని తలుపు కొట్టకండి. వారం రోజులు ఏమీ రాకపోయినా కూర్చోవడం అలవాటైతే చాలు, తర్వాత అదే వస్తుంది. ఇప్పటికే మలం గట్టిపడి ఉంటే ముందు దాన్ని మెత్తబరిచే మందు కొన్ని వారాలు కావాలి. అది మీ పిల్లల డాక్టరు రాయాలి. జామపండు, బొప్పాయి, ఆకుకూర పప్పు, నీళ్లు, ఇవి మందుతో పాటే నడవాలి.

స్కూలుకు ఒకసారి వెళ్లి చిన్న క్లాసుల ఆడపిల్లల టాయిలెట్ మీ కళ్లతో చూడండి. ఫిర్యాదు చేస్తున్నట్టు కాకుండా, పాపకు ఈ ఇబ్బంది ఉందని క్లాస్ టీచర్‌తో చెప్పి, ఇంటర్వెల్ రద్దీలో కాకుండా మధ్యలో అడిగినప్పుడు పంపమని కోరండి. చాలామంది టీచర్లు వెంటనే ఒప్పుకుంటారు. పిల్లలతో నీళ్లు తాగించడానికి గంట కొట్టే పద్ధతి 2019లో కేరళ బడుల్లో మొదలైంది, తర్వాత మన రాష్ట్రాల్లోనూ వచ్చింది. మీ స్కూల్లో లేకపోతే అడగండి, దానికి ఖర్చేమీ లేదు.

ఇప్పుడు లంచ్ బాక్సు. తిరిగొచ్చిన బాక్సు చూసి కూర నచ్చలేదనుకుంటాం. ఈ ఆదివారం ఒక పని చేయండి. స్కూలుకు కట్టినట్టే పాప బాక్సు కట్టి, మధ్యాహ్నం తన ముందు పెట్టి, ఏ సాయం చేయకుండా పక్కన కూర్చోండి. మూత తనంతట తాను తీయగలుగుతోందా? కారకుండా ఉండాలని మనం కొనే గట్టి క్లిప్పుల స్టీలు డబ్బాలు ఏడేళ్ల చేతులకు తెరుచుకోవు. అన్నం వేరుగా, పప్పు వేరుగా పెడితే కలుపుకోగలదా? ముద్ద చేసి నోట్లో పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతోంది? చాలా ఇళ్లలో ఈ వయసు పిల్లలకు ఇంకా నానమ్మలే కలిపి తినిపిస్తారు. మీ ఇంట్లోనూ అంతేనేమో. స్కూల్లో లంచ్‌కి ఇచ్చే సమయంలో చేతులు కడగడం, బాక్సు తీయడం పోగా తినడానికి మిగిలేది పదిహేను, ఇరవై నిమిషాలు. ఇంట్లో నానమ్మ ముప్పావుగంట బతిమాలి తినిపించే పిల్ల అక్కడ ఎలా తింటుంది? అత్తయ్యగారితో మెల్లగా చెప్పండి, రోజుకు ఒక్క పూట, రాత్రి ఏడున్నర భోజనం, పాప తన చేత్తోనే తినాలని. ఒలికిపోతుంది. ఒలకనివ్వండి.

బాక్సులో ఎక్కువ పెట్టకండి. కొంచెం పెట్టి ఖాళీ చేసి రావడం అలవాటైతే మర్నాడు "ఇంకొంచెం పెట్టమ్మా" అని తనే అడుగుతుంది. కలిపిన అన్నమే పెట్టండి, పప్పన్నం నెయ్యితో, టమాటా అన్నం, పులిహోర, గోంగూర అన్నం. పెరుగన్నం పెట్టేటప్పుడు పెరుగు బదులు మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు తోడేసి కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడకుండా సరిగ్గా తోడుకుంటుంది, చాలామంది పెద్దవాళ్లకు తెలిసిన పద్ధతే. వేడివేడిది పెట్టి మూత బిగించకుండా ఆవిరి పోయాక మూయండి. బాక్సు తిరిగొచ్చిందని తిట్టకండి. తిడితే పిల్లలు బాక్సులోది డస్ట్‌బిన్‌లో పారేసి ఖాళీ డబ్బా తెస్తారు, అప్పుడు మీకు ఏమీ తెలియదు.

సాయంత్రం నాలుగున్నరకు వచ్చేసరికి నకనకలాడుతూ వస్తారు. మీది కిరాణా ఇల్లు, చేయి చాస్తే చిప్స్ ప్యాకెట్ దొరుకుతుంది. స్కూలు గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో నిబంధన పెట్టింది. మీ షాపుకు అది వర్తించకపోవచ్చు, మీ పిల్లలకు మాత్రం మీరే ఆ నిబంధన పెట్టాలి. పిల్లలు షాపులో ప్యాకెట్ తీసుకోవాలంటే నాన్నను అడగాలి, అదీ ఆదివారమే. ఆ వేళకు తిండి సిద్ధంగా ఉంటే ప్యాకెట్ అడగరు. శనగలో బొబ్బర్లో గుగ్గిళ్లు, పోపు వేసిన అటుకులు, వాన పడుతుంటే ఉడికించిన మొక్కజొన్న పొత్తు, ఈ రోజుల్లో దొరికే నేరేడు పండ్లు. నువ్వుల ఉండలు చేసి డబ్బాలో పెట్టుకోండి. తిన్నాక చీకటి పడేదాకా బయట ఆడనివ్వండి. పగటి వెలుగులో ఆడే పిల్లలకు దూరంవి మసకగా కనిపించే చూపు సమస్య ఆలస్యంగా వస్తుంది, రాత్రి నిద్ర కూడా త్వరగా పడుతుంది.

పాపకు ట్యూషన్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మాన్పించండి. కేంద్రం 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంది. ఏడేళ్ల పిల్లకు ఆటకంటే అవసరమైన ట్యూషన్ లేదని నా గట్టి అభిప్రాయం.

బాబు సంగతి వేరు. పన్నెండేళ్లకు పిల్లల నిద్రవేళ సహజంగానే కొంచెం వెనక్కి జరుగుతుంది, ఆ పైన ఫోన్ వెలుగు ఇంకా వెనక్కి నెడుతుంది. ఫోన్ లాక్కుంటే దుప్పట్లో చూస్తాడు. ఎనిమిదింటికి ఇంట్లో ఉన్నవాళ్లందరి ఫోన్లూ హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కు పెట్టండి, మీది కూడా. షాపు నుంచి వచ్చాక మీ వారిది కూడా. బాబు దీన్ని శిక్ష అనుకోడు. లెక్కల సందేహానికి వీడియో చూడాలంటే ఏడింటిలోపు, హాల్లో కూర్చుని చూడమనండి. వాడి బ్యాగు ఒకసారి మీ షాపు కాటా మీద పెట్టండి. ఆ పాలసీ ప్రకారం ఏడో తరగతి బ్యాగు 2 నుంచి 3 కిలోలు ఉండాలి, ఏ తరగతి వాళ్లకైనా బరువు ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. లీటరు నీళ్ల బాటిలే కిలో అని గుర్తుంచుకోండి. ఎక్కువుంటే రాత్రి పడుకునే ముందు టైంటేబుల్ చూసి వాడే సర్దుకోవాలి. ఆ రోజు అక్కర్లేని పుస్తకాలే సగం బరువుంటాయి. యూనిఫాం, సాక్సు, డైరీలో సంతకం కూడా రాత్రే అయిపోవాలి.

ఇది వానల కాలం కూడా. వేసవంతా నడిపిన కూలర్ మూలన నీళ్లతో అలాగే ఉందా? డెంగీ దోమ అలాంటి నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. కూలర్ నీళ్లు పారబోసి, గుడ్డతో తుడిచి ఎండబెట్టి అటక ఎక్కించండి. ప్రతి శుక్రవారం డ్రమ్ములు, కుండీ కింది పళ్లేలు ఖాళీ చేయండి. ఈ దోమ పగలే కుడుతుంది, కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే సరిపోదు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొడి కొని, ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపండి. ఆ పేరు తగిలించి అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. షాపులో పాత స్టాకు ఉంటే మీ వారిని తీసేయమనండి. జ్వరం వచ్చిన పిల్లను మాత్ర వేసి బడికి పంపకండి. మందు లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతేనే పంపండి. వందశాతం హాజరుకు ఇచ్చే బహుమతి ఆ పిల్లకూ పక్క పిల్లలకూ చేటు చేస్తుంది.

మీ టిఫిన్ కూడా ఇక పదకొండుకు వద్దు. ఆరూముప్పావు పంక్తిలో మీకూ ఒక పళ్లెం ఉండాలి. వడ్డించేవాళ్లు చివర్న తినాలన్న నియమం మీ ఇంట్లో పాప చూసి నేర్చుకుంటోంది. అట్లు పోస్తూ నిలబడాల్సిన టిఫిన్లు ఆదివారానికి ఉంచుకుని, వారంలో ఇడ్లీ, ఉప్మా లాంటివి పెట్టుకోండి. అట్టు వేస్తే మీరు పెనం దగ్గరే ఉండిపోతారు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం ఏడున్నర భోజనం, ఆరింటికి లేవడం, అంతే. బాక్సు, టాయిలెట్ పని వచ్చే వారం. ఫోన్ ఆ తర్వాత.

ఇంతలో ఒకసారి పిల్లల డాక్టరుకు ఇద్దరినీ చూపించి ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్ చూడమనండి. హిమోగ్లోబిన్ తక్కువుంటే అప్పుడు ఐరన్ మందు కావాలి, దాన్ని టీతోనో పాలతోనో వేయకూడదు. ఆగస్టు 10న బడుల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు, ఆ రోజు ఇద్దరూ బడికి వెళ్లేలా చూడండి. పాపకు నొప్పి బొడ్డు చుట్టూ కాకుండా ఒక పక్కన ఉన్నా, నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా, మలంలో రక్తం కనిపించినా, ఆకుపచ్చగా వాంతి అయినా, జ్వరం ఉన్నా, మూత్రానికి మంట అన్నా, బరువు తగ్గుతున్నా నేను చెప్పినవి చేస్తూ ఎదురుచూడకండి, వెంటనే చూపించండి. బాబు టీకాల కార్డు కూడా తీసుకెళ్లండి. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా పదేళ్లకు వేయాల్సిన టీడీ ఇంజక్షన్ చాలామంది పిల్లలకు తప్పిపోతుంటుంది. పడకపోతే ఇప్పుడైనా వేయించొచ్చు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం.